నలభై పడవల ప్రమోషన్

కామాక్షయ్య పదమూడేళ్ళలో వేల పడవల్ని ముందుకు పంపించాడు. తాను మాత్రం ఒక్క అంగుళం ముందుకు పోలేదు.

ఈ మాట అన్నది ఆయన శత్రువులు కాదు. ఆయనకు శత్రువులు లేరు. శత్రువులుండాలంటే మనిషికి ఒక హోదా ఉండాలి. ఈ మాట ఆయనే రోజూ పొద్దున గడ్డం గీసుకుంటూ అద్దంలోని మనిషితో అనేవాడు. అద్దంలోని మనిషి ఒక్కరోజు కూడా కాదనలేదు.

నక్కలదిబ్బ లాకు తోటపల్లి గూడూరుకు తూర్పున ఉంది. అక్కడ నిలబడితే సముద్రం హోరు వినిపిస్తుంది. నెల్లూరు మాత్రం ఎంత చెవి ఒగ్గినా వినిపించదు. మద్రాసు దాకా పోయే బకింగ్‌హాం కాలువకు అడ్డంగా కట్టిన రెండు తలుపుల గది అది. పడవ లోపలికి రాగానే వెనక తలుపు మూసి, నీళ్ళు సమం చేసి, ముందు తలుపు తీస్తారు. పడవ తన దారిన తాను పోతుంది. తలుపులు తిప్పేది లస్కరు ఓబయ్య. "తిప్పు ఓబయ్యా" అనేది గుమాస్తా కామాక్షయ్య. ఆ మాట రాకముందే ఓబయ్య తిప్పేసేవాడు కాబట్టి, నిజానికి ఆ పనికి కూడా కామాక్షయ్య అక్కరలేదు.

ఇక మిగిలింది రిజిస్టరు. ఏ పడవ, ఏ సరుకు, ఏ వైపు. ఉప్పు దక్షిణానికి. పెంకులు ఉత్తరానికి. సరుగుడు కట్టెలు దక్షిణానికి. కామాక్షయ్య ఎక్కడికీ లేదు.

ఒకప్పుడు రోజుకు నలభై పడవలు దాటేవి. రోడ్డు మీద లారీలు పెరిగాక, అరవై ఒకటో సంవత్సరం నాటికి, అవి ఆరో ఏడో అయినాయి. రాసే పని తగ్గేసరికి తీరిక పెరిగింది. తీరిక పెరిగితే కామాక్షయ్యకు మునెయ్య గుర్తొచ్చేవాడు.

మునెయ్య ఆయనకంటే రెండేళ్ళు వెనక, ఇదే కాలువ మీద ఇంకో లాకులో గుమాస్తాగా చేరాడు. ఇప్పుడు నెల్లూరు డివిజన్ ఆఫీసులో చేతుల కుర్చీలో కూర్చున్నాడు. నెత్తిన ఫ్యాను. కామాక్షయ్య కూర్చునేది మూడున్నర కాళ్ళ స్టూలు మీద. మిగతా అర కాలు ఇటికరాయి. నెత్తిన కాకి.

"మునెయ్యకేముందీ, నాకేం లేదూ?" అని ఆయన భార్యను అడిగేవాడు.

"ఫ్యాను," అనేది మాలకొండమ్మ, పొయ్యిమీది చేపల పులుసు నుంచి కళ్ళు తిప్పకుండా.

మాలకొండమ్మ చేపల పులుసంటే ఆ కాలువ మీద తెలియని పడవ సరంగు లేడు. పుల్లటి మామిడికాయ ముక్కలేసి, మట్టిచట్టిలో కాచి, ఒక పూట ఆగనిచ్చి వడ్డించేది. లాకు దగ్గర పోటు కోసం ఆగిన పడవవాళ్ళు వాసన పట్టుకుని గుమ్మం దాకా వచ్చేవాళ్ళు. ఉప్పో, ఎండుచేపలో ఇచ్చి ఒక విస్తరి తినిపోయేవాళ్ళు.

"ఏమయ్యా, గట్టుమీద ఒక తాటాకు పాక ఏసుకుంటానని అర్జీ రాసియ్యమని మూడేళ్ళ నుంచి అడగతా ఉండాను."

"అది గవర్నమెంటు గట్టే."

"గవర్నమెంటుకు ఆకలెయ్యదా?"

"గవర్నమెంటు గుమాస్తా పెళ్ళాం అన్నం అమ్ముతా ఉంటే, రేపు నా ప్రమోషన్ ఏం కావాల?"

"వస్తే గదా, దానికేమన్నా కావడానికి!"

ఈ ఇంట్లో వాదన ఎప్పుడూ ఇక్కడికొచ్చి ఆగేది. కామాక్షయ్య లేచి, ఖాళీ కాలువ వైపు చూసి, "తిప్పు ఓబయ్యా" అనేవాడు. పడవ లేకపోయినా సరే. ఒక్క మాటైనా నెగ్గాలి కదా.

ఇట్లా ఉండగా, మార్చి నెలలో ఒకరోజు బడేసాహెబ్ పడవ వచ్చింది.

బడేసాహెబ్ ఆ కాలువ మీద పాతకాపు. ముప్ఫై ఏళ్ళుగా సరంగు. నెల్లూరు నుంచి లాకులకు రావలసిన తపాలా కూడా దారిలో ఆయనే అందుకుని తెచ్చేవాడు. తపాలా సంచీని గుమాస్తా చేతికి ఇవ్వాలని రూలు. ఆయన మాత్రం వంటింట్లో ఇచ్చేవాడు. పులుసు అక్కడుంటుంది గనుక.

ఆ రోజు సంచీలో రెండు కాగితాలున్నాయి. ఒకటి ఆఫీసు వారి టైపు కాగితం. రెండోది మడత పెట్టిన చీటీ.

టైపు కాగితం కామాక్షయ్య మూడుసార్లు చదివాడు. మూడోసారి పైకి చదివాడు. వచ్చే సోమవారం సబ్ డివిజన్ ఆఫీసరు మాల్యాద్రిగారు స్వయంగా నక్కలదిబ్బ లాకుకు వచ్చి, పొద్దున్నుంచి సాయంత్రం దాకా పడవల రాకపోకలు చూస్తారు. వాటినిబట్టి సిబ్బంది విషయంలో నిర్ణయాలు తీసుకుంటారు. అంతే ఉంది.

ఆ మాత్రం చాలు. మిగతాది కామాక్షయ్య బుర్ర తనంతట తాను పూర్తిచేసింది.

"వచ్చేసింది మాలకొండా! పడవలెక్కువుంటే లాకు పెద్దది. లాకు పెద్దదైతే గుమాస్తా పెద్దోడు. పెద్ద గుమాస్తాని ఈ దిబ్బమీద ఉంచుతారా? నెల్లూరు! కుర్చీ! ఫ్యాను!"

"కాగితంలో ఫ్యాను సంగతి రాసినారా?"

"నీకర్థం కాదులే. గవర్నమెంటు భాషలో ఫ్యానని రాయరు."

మాలకొండమ్మ చీటీ చూపించింది. "మునెయ్యన్న నీకొక చీటీ పంపించినాడు. చదవనా?"

కామాక్షయ్య మొహం వేపాకు నమిలినట్టయింది. "ఆడి చీటీనా? ఫ్యానుగాలికి జలుబు చేసిందని రాసుంటాడు. నా సంతోషంలో ఆడి పేరెత్తద్దు. పొయ్యిలో పెట్టు!"

"పొయ్యిలోనా?"

"పొయ్యిలోనే!"

ఆమె చీటీని చెంగున ముడేసుకుంది. తలకాయ సంతోషంతో ఎక్కడో తిరుగుతున్న కామాక్షయ్య అది చూడలేదు. చూసి ఉంటే ఈ కథ ఇక్కడే అయిపోయేది.

ఇప్పుడు సమస్య ఒక్కటే. రోజుకు ఆరు పడవలు. ఆరు పడవలు చూసి ఏ ఆఫీసరూ ఫ్యాను ఇవ్వడు.

రెండు రోజులు కామాక్షయ్య గట్టుమీద అటూ ఇటూ నడిచాడు. మూడోరోజు నడుస్తూ నడుస్తూ ఠక్కున ఆగాడు. తాను అటు పోయి ఇటు వస్తున్నాడు. మనిషి ఒక్కడే, రాకపోకలు ఇరవై. మరి పడవ మాత్రం ఎందుకు రాకూడదు?

ఆలోచన అద్భుతం. లాకుకు దక్షిణాన కాలువ సరుగుడు తోపు చాటున మలుపు తిరుగుతుంది. ఒక పడవ లాకు దాటి, తోపు చాటుకు పోయి, వెనక్కి తిరిగి, మళ్ళీ దాటాలి. తెరచాప ఒకసారి ఎత్తి, ఒకసారి దించి. సరుకు మీద ఒకసారి చాపలు కప్పి, ఒకసారి తీసి. పది పడవలు చాలు. ఒక్కోటి నాలుగుసార్లు. నలభై!

"దాటితే వాళ్ళకేం వస్తుంది?" అన్నాడు ఓబయ్య. పదమూడేళ్ళలో ఆయన గుమాస్తాను అడిగిన మొదటి ప్రశ్న అది.

కామాక్షయ్య ఆ లెక్క వేసుకోలేదు. ఆయన వెనకున్న మాలకొండమ్మ వేసుకుంది.

"దాటినప్పుడల్లా ఒక విస్తరి. అన్నం, చేపల పులుసు."

కామాక్షయ్య ఆశ్చర్యపోయాడు. ఈ మనిషి ఆయన పథకం దేనికీ ఇంతవరకు సై అన్న పాపాన పోలేదు. కిందటేడు కోళ్ళు పెంచుదామంటే, "ముందు నిన్ను పెంచనీ" అంది. ఇప్పుడు అడగకముందే చట్టి దించుతోంది.

"నిజంగానేనా?"

"నీ ప్రమోషన్ కంటే నాకేముంది చెప్పు? బియ్యం నేను చూసుకుంటా. నువ్వు పడవలు చూసుకో. అన్నట్టు, మునెయ్యన్న చీటీ... చదువుకుంటే నీకే మంచిదేమోనయ్యా."

"మళ్ళీ ఆడి గోలే!"

ఆమె ఒప్పుకున్న తొందర చూసి కామాక్షయ్యకు అనుమానం రావలసింది. రాలేదు. పథకాలు వేసేవాడికి ఎదుటివాళ్ళు కూడా పథకాలు వేస్తారని తోచదు.

శనివారం రిహార్సల్ జరిగింది.

బడేసాహెబ్ పడవ, ఇంకో నాలుగు పడవలు. బడేసాహెబ్ మొదటిసారి టోపీ పెట్టుకుని దాటాడు. రెండోసారి తలగుడ్డ చుట్టుకుని దాటాడు. మూడోసారి ఏదీ లేకుండా, బట్టతల మీద ఎండ తళతళలాడుతుండగా దాటాడు. ప్రతిసారీ కొత్త మనిషిలా గట్టెక్కి, "ఇది ఏ లాకండీ?" అని కామాక్షయ్యనే అడిగి, విస్తరి ముందు కూర్చున్నాడు. మూడో విస్తరి దగ్గర బెల్టు వదులు చేసుకుంటూ అన్నాడు:

"గుమాస్తాగారూ, ముప్ఫై ఏళ్ళుగా పడవ నడపతా ఉండాను. ముందుకు పోతే కూలొస్తుందని తెలుసు. ఎనక్కి తిరిగితే కూడొస్తుందని ఇయ్యాలే తెలిసింది."

ఆ మాట ఆయన ఇక్కడ చెప్పి ఊరుకుని ఉంటే బాగుండేది. కాని పడవవాడి నోట్లో మాట ఆగదు. ఒక పడవ ఎదురైతే చాలు, ఆగి, చుట్ట వెలిగించి, సంగతులు చెప్పుకుంటారు. ఆదివారం పొద్దెక్కేసరికి ఉత్తరాన ఉప్పు కొటారుల దాకా, దక్షిణాన సముద్రంలా పరుచుకున్న పులికాటు సరస్సు దాకా వార్త పాకింది. నక్కలదిబ్బ లాకు దాటితే విస్తరి. ఎన్నిసార్లు దాటితే అన్ని విస్తళ్ళు. మామిడికాయ ముక్కలతో.

ఆదివారం కామాక్షయ్య తన ముస్తాబులో ఉన్నాడు. పెళ్ళినాటి నల్లకోటు పెట్టెలోంచి తీశాడు. కలరా ఉండల వాసన పోవడానికి ఆఫీసు గదిలో గోడ మేకుకు తగిలించాడు. ఆ మేకుకు అంతకుముందే ఒక అట్ట వేలాడుతోంది. ఆటుపోట్ల పట్టిక. ఏ రోజు ఏ వేళకు కాలువలో నీళ్ళు పొంగుతాయో, ఏ వేళకు సముద్రంలోకి తీసి తగ్గుతాయో అందులో ఉంటుంది. పదమూడేళ్ళుగా పొద్దున్నే గడ్డం గీయకముందు ఆయన దాన్ని చూసేవాడు. ఆదివారం, సోమవారం మాత్రం దాని మీదున్న కోటు చూశాడు.

సాయంత్రం మాలకొండమ్మ మూడోసారి అడిగింది.

"ఆ చీటీ సంగతి. ఇదే ఆఖరు. మళ్ళా అడగను. తర్వాత నన్ను అనద్దు."

"అనను! పది తరాలకూ అనను! చాలా?"

"చాలు," అందామె. ముప్పావు మణుగు చింతపండు నానబెట్టడానికి పోయింది.

సోమవారం తెల్లవారింది.

కామాక్షయ్య కోటు తొడుక్కుని బయటికొచ్చి, ఉత్తరం వైపు చూశాడు. పడవలు. దక్షిణం వైపు చూశాడు. పడవలు. పది అనుకున్నాడు. పది కాదు. ఇరవై కాదు. తెరచాపలు దించిన కొయ్యలు రెండు వైపులా అడవిలా నిలబడి ఉన్నాయి. కళ్ళు నులుముకున్నాడు. కోటు చేతికున్న కలరా ఉండల వాసనకు కళ్ళు మండాయి గాని, పడవలు మాయం కాలేదు.

"ఎన్ని ఓబయ్యా?"

"నలభై రెండు దాకా లెక్క పెట్టినాను. తర్వాత నాకు లెక్కలు రావు."

మొదటి గంట స్వర్గం. తిప్పు ఓబయ్యా, తిప్పు ఓబయ్యా అని కామాక్షయ్య గొంతు బొంగురుపోయింది. పదమూడేళ్ళలో మొదటిసారి ఆ మాటకు అర్థమొచ్చింది. రెండో గంటకు తోపు చాటుకు పోయిన పడవలకు వెనక్కి తిరిగే చోటు లేదు. తిరగనివాళ్ళను తిరిగినవాళ్ళు తిట్టారు. మూడో గంటకు లాకు గదిలోకి సరుగుడు కట్టెల పడవ ఒక వైపు నుంచి, ఉప్పు పడవ అదే వైపు నుంచి ఒకేసారి దూరాయి.

"నేను ముందొచ్చినాను!"

"నీకిది నాలుగో విస్తరి! నాకింకా మొదటిదే పడలే!"

రెండూ పక్కపక్కన ఇరుక్కున్నాయి. ముందుకు కదలవు. వెనక్కి రావు. వెనక తలుపు పడదు. ముందు తలుపు ఓబయ్య అప్పటికే తిప్పేశాడు.

సరిగ్గా అప్పుడే కాళ్ళకింద ఏదో మారినట్టు కామాక్షయ్యకు తోచింది. నీళ్ళ చప్పుడు తగ్గింది. గట్టు వార తడి మట్టి పైకి తేలుతోంది. ఆయన ఆఫీసు గదిలోకి పరిగెత్తాడు. కోటు ఒంటిమీద ఉంది గనుక అట్ట ఇప్పుడు తేటతెల్లంగా కనిపిస్తోంది.

సోమవారం. అమావాస్య. నెల మొత్తంలో నీళ్ళు అన్నిటికంటే ఎక్కువ తీసే రోజు. ఎనిమిదిన్నర నుంచి.

గడియారం తొమ్మిది కొట్టింది.

తర్వాత జరిగింది కామాక్షయ్య ఎన్నడూ పూర్తిగా చెప్పలేదు. చెప్పినంతవరకు ఇది. రెండు తలుపులూ తెరిచే ఉండటంతో కాలువ నీళ్ళు లాకులోంచి సముద్రం వైపు జారుకున్నాయి. నలభై రెండు పడవలు, లెక్కకు రానివి కూడా, ఒక్కొక్కటే బురదలో కూలబడ్డాయి. ఒక పడవలో మూడు వందల బాతులున్నాయి, పులికాటు వైపు మేతకు పోతున్నవి. పడవ ఒరిగేసరికి వాటికి కాలువంతా మేతగా కనిపించింది. దిగాయి. వంద బాతులు వంటింటివైపు పోయి మాలకొండమ్మ అరుపుకు తిరిగొచ్చాయి. మిగిలినవి ఆఫీసు చూడటానికి వచ్చాయి. ఒకటి ఎగిరి స్టూలు మీద కూర్చుంది. పదమూడేళ్ళలో దానిమీద కొత్త ఉద్యోగి కూర్చోవడం అదే మొదలు. కామాక్షయ్య కంటే హుందాగానే కూర్చుందని ఓబయ్య తర్వాత చెప్పాడు.

"నెట్టండయ్యా! నెట్టండి!" అంటూ కామాక్షయ్య కోటుతోసహా కాలువలోకి దూకాడు. ఆయన ఉద్దేశం ఉప్పు పడవను ఒక్క నెట్టు నెట్టి పైకి రావడం. నెట్టాడు. పడవ కదల్లేదు. ఆయనే కదిలాడు, కిందికి. మోకాళ్ళు, తొడలు, నడుము. నడుము దగ్గర బురద ఆయన్ని పట్టుకుని ఇక చాలంది.

ఉద్యోగంలో ఇరుక్కుపోయానని ఆయన పదమూడేళ్ళు బాధపడ్డాడు. ఇరుక్కుపోవడమంటే ఏమిటో ఆ రోజు తెలిసింది.

మాల్యాద్రిగారి బోటు పొద్దున్నే దక్షిణం నుంచి బయలుదేరింది. తోపు మలుపుకు ఒక మైలు అవతలే పడవల వెనక ఆగిపోయింది. ఆయన మూడు గంటలు బోటులో కూర్చున్నాడు. ముందు పడవలు, వెనక పడవలు. కాఫీ అయిపోయింది. బిస్కత్తులు అయిపోయాయి. ఆఖరికి బూట్లు చేత పట్టుకుని, గట్టుమీద నడుచుకుంటూ లాకు చేరేసరికి పన్నెండయింది. లావుపాటి మనిషి. చెమట, ఆకలి, కోపం, మూడూ సమానంగా ఉన్నాయి.

"గుమాస్తా ఎక్కడ?" అని గర్జించాడు.

"ఇక్కడ ఉండానండీ," అన్న మాట కిందనుంచి వచ్చింది.

ఆఫీసరు కిందికి చూశాడు. బురదలోంచి నల్లకోటు తొడుక్కున్న సగం మనిషి లేచి, రెండు చేతులూ జోడించి ఉన్నాడు. జోడించిన చేతుల మీద ఒక బాతుపిల్ల ఉంది.

కోపంగా ఉన్న మనిషికి ఏం చెయ్యాలో ఆ కాలువ మీద ఒక్క మనిషికే తెలుసు. ఆ మనిషి అప్పటికే గట్టుమీద చాప పరిచి, విస్తరి వేసి, నీళ్ళు చల్లింది.

"అయ్యా, ఎండన పడి వచ్చినారు. ఆ పంచాయితీ తర్వాత చూద్దురు గాని. ముందు నాలుగు మెతుకులు తినండి," అంది మాలకొండమ్మ.

మాల్యాద్రిగారు కాదనబోయాడు. అప్పుడే చట్టి మూత లేచింది.

మొదటి ముద్దకు ఆయన కోపం పోయింది. రెండో ముద్దకు చెమట పోయింది. మూడో ముద్దకు కళ్ళు మూసుకున్నాడు. ఐదో ముద్దకు, "మామిడికాయ ఎప్పుడు వేస్తారమ్మా? పులుసు తెర్లేటప్పుడా, దించబోయే ముందా?" అని అడిగాడు. బురదలోంచి కామాక్షయ్య ఇదంతా ఆశగా చూస్తున్నాడు. ఆఫీసరు చెయ్యి కడుక్కునే వేళకు పోటు తిరిగింది. నీళ్ళు మెల్లగా ఎక్కాయి. పడవలు లేచాయి. ఓబయ్యా, బడేసాహెబూ కలిసి కామాక్షయ్యను పచ్చిముల్లంగిని పెరికినట్టు పైకి లాగారు. చెప్పులు కాలువకు పోయాయి.

మాల్యాద్రిగారు తేన్చి, గొంతు సవరించుకున్నాడు.

"కామాక్షయ్యా, నేను నిజానికి ఈ లాకు మూసెయ్యడానికి వచ్చాను."

"అయ్యా?"

"రోజుకు పది పడవలు కూడా రాని లాకులు మూసెయ్యమని ఆర్డరు. ఆ లాకు గుమాస్తాల్ని పై గ్రేడిచ్చి నెల్లూరు ఆఫీసులోకి తీసుకోవాలి. మీకోసం బల్లా కుర్చీ కూడా వేయించాం. మునెయ్య ఫ్యాను కిందకి జరిపించాడు."

కామాక్షయ్య నోరు తెరిచాడు. బురద కారింది.

"కాని ఇంత రద్దీనా? మూడు గంటలు నా కళ్ళతో చూశాను. ఈ లాకు ఎట్లా మూస్తాం? ఇంత రద్దీలో, కోటు తొడుక్కుని బురదలోకి దూకి పనిచేసే గుమాస్తాని ఎట్లా కదిలిస్తాం? మిమ్మల్ని ఇక్కడినుంచి కదిలించకూడదని నేనే రాస్తాను."

"అయ్యా! కదిలించండయ్యా! ఇయ్యన్నీ దొంగ పడవలండీ! తిరిగిన పడవే మళ్ళా తిరిగిందండీ! మామూలుగా ఆరేనండీ, ఆరు!"

మాల్యాద్రిగారు నవ్వాడు. "చూశారా అమ్మా, తన గొప్ప తాను చెప్పుకోడు. ఈ వినయమే నాకు నచ్చింది."

"బడేసాహెబ్! నువ్వన్నా చెప్పయ్యా!" అని కామాక్షయ్య వేడుకున్నాడు.

బడేసాహెబ్ ఐదో విస్తరి ముందున్నాడు. ఒకసారి గుమాస్తావైపు చూశాడు. ఒకసారి మాలకొండమ్మ చేతిలో గరిటెవైపు చూశాడు. గరిటె అతని విస్తరి మీదికి వచ్చి గాల్లో ఆగి ఉంది.

"రోజూ ఇంతే సార్," అన్నాడు.

గరిటె వంగింది.

"ఇంత జనానికి ఇక్కడ తిండి వసతి లేకపోతే ఎట్లా?" అన్నాడు మాల్యాద్రిగారు. "అమ్మా, గట్టుమీద ఒక పాక వేసుకోండి. అర్జీ పెట్టుకుంటే ఇప్పుడే సంతకం పెడతాను. కామాక్షయ్యా, కాగితం తీసుకుని మీరే రాయండి."

కామాక్షయ్య బురదచేత్తో రాశాడు. మూడేళ్ళుగా రాయనని భీష్మించిన అర్జీ, గవర్నమెంటు గట్టు, తాటాకు పాక, అన్నీ తన గుండ్రటి చేతిరాతలో. కింద మాలకొండమ్మ సంతకం. ఆపైన ఆఫీసరు సంతకం. అది ఎండేదాకా ఆమె విసనకర్రతో విసిరింది. ఆ గాలి కాస్త కామాక్షయ్యకు కూడా తగిలింది. ఆయన జీవితంలో ఫ్యానుగాలి అంతే రాసిపెట్టి ఉంది.

బోటు పోయాక ఆమె చెంగు ముడి విప్పి చీటీ ఇచ్చింది.

"అన్నా, నీ లాకు మూస్తారు," అని రాసి ఉంది మునెయ్య చేతిరాత. "ఏమీ చేయొద్దు. ఆఫీసరు వచ్చిన రోజు పడవలు తక్కువుంటే చాలు. నీకు ఇక్కడ నా పక్కనే కుర్చీ. ఫ్యాను ఇద్దరికీ సరిపోతుంది."

కామాక్షయ్య రెండుసార్లు చదివాడు.

"ఇది నీకు ముందే తెలుసా?"

"మూడుసార్లు చెప్పబోయినాను. మూడుసార్లూ వద్దన్నావు. పొయ్యిలో పెట్టమన్నావు."

"మరి పెట్టలేదే?"

"నువ్వు చెప్పిందల్లా చేసేదాన్నే అయితే ఈ సంసారం ఎప్పుడో పొయ్యిలో ఉండేది."

"నెల్లూరు వద్దా నీకు?"

ఆమె కాలువ వైపు చూసింది. పడవవాళ్ళు పోతూ పోతూ ఆమెకు చేతులూపుతున్నారు.

"మునెయ్యన్న పెళ్ళాన్ని చూసొచ్చినాను గదయ్యా. ఒక్క గది. కొళాయి కాడ బిందెల వరస. నువ్వు ఫ్యాను కింద కూర్చుంటావు. నేనేడ కూర్చోవాల? నీకొక్కడికేనా మొగం వాచింది, పైకి పోవాలని?"

పదమూడేళ్ళుగా కామాక్షయ్య తన ఇంట్లో ఇరుక్కుపోయిన మనిషి ఒక్కడే అనుకున్నాడు. లెక్క తప్పింది. ఆ రోజు తప్పిన లెక్కల్లో అది నలభై మూడోది.

పాక లేచింది. ఈసారి దాటినవాళ్ళంతా డబ్బిచ్చి తిన్నారు, ఐనా వచ్చారు. దక్షిణం పోయే పడవ మధ్యాహ్నానికి నక్కలదిబ్బ చేరేట్టు బయలుదేరడం మొదలుపెట్టింది.

కామాక్షయ్య రోజూ లాకు పని అయ్యాక చేసేట్టు పాకలో చేరాడు. మొదట నీళ్ళు మోసే పని. నెల తర్వాత ఎంగిలాకులు ఎత్తే పని. ఇంకో నెలకు విస్తళ్ళు వేసే పని. తర్వాత ఉప్పు, తర్వాత అన్నం, ఆ తర్వాత చారు. పులుసు గరిటె మాత్రం మాలకొండమ్మ ఎవరికీ ఇవ్వలేదు. దానికి అనుభవం కావాలంది. అయినా ఆరు నెలల్లో ఐదు మెట్లు. ఏ డిపార్టుమెంటులోనైనా ఇంత వేగం ఎవరు చూశారు? ఇప్పుడు పొద్దున గడ్డం గీసుకుంటూ అద్దంలోని మనిషికి ఆ సంగతే చెబుతున్నాడు. అద్దంలోని మనిషి కొంచెం లావయ్యాడు.

దీపావళి మర్నాడు ఆమె పులుసు చట్టి ముందు పెట్టి, గరిటె ఆయన చేతిలో పెట్టింది. "ముక్క విరగ్గొట్టావంటే మళ్ళా నీళ్ళకాడికి పోతావు," అంది. ఆయన దాన్ని రెండు చేతులా పట్టుకున్నాడు. ఆఫీసు వారి టైపు కాగితాన్ని కూడా అంత భద్రంగా పట్టుకోలేదు. ముక్క విరగలేదు.

ఆ వారంలోనే బడేసాహెబ్ నెల్లూరు నుంచి ఇంకో చీటీ తెచ్చాడు. మునెయ్య పంపింది.

"పొయ్యిలో పెట్టేదా?" అంది మాలకొండమ్మ.

"వద్దొద్దు! చదువు. గట్టిగా చదువు. రెండుసార్లు చదువు."

ఆమె చదివింది. మునెయ్యకు ఆఫీసులో ఊపిరాడడం లేదట. తనకంటే వెనక వచ్చినవాళ్ళు పైకి పోయారట. ఫ్యాను కూడా వాళ్ళవైపే జరిపించారట. కామాక్షయ్యన్న చాలా బాగుపడ్డాడని కాలువంతా చెప్పుకుంటున్నారు గనుక, అక్కడేమైనా ఖాళీ ఉంటే చూడమన్నాడు.

కామాక్షయ్య గరిటె పక్కన పెట్టి, కాగితం తీసుకుని, మూడున్నర కాళ్ళ స్టూలు మీద కూర్చుని జవాబు రాశాడు.

"తమ్ముడూ, నీళ్ళు మోసే పోస్టు ఒకటి ఖాళీగా ఉంది. వెంటనే రా. కింది మెట్టు నుంచే మొదలుపెట్టాలి. ఇక్కడి ఆఫీసరు దగ్గర సిఫార్సులు చెల్లవు. నాకే చెల్లలేదు."